నాలుగో స్థానం

ఆ శీతాకాలం మార్చి దాకా మా రీక్కా ప్రతి పందెంలోనూ నాలుగో స్థానంలోనే వచ్చింది. నాలుగో స్థానానికి కప్పు ఉండదు, ఫొటో ఉండదు, మైకులో పేరు కూడా సరిగా చదవరు. నాకు కావలసింది సరిగ్గా అదే.

మా ఊరు వాస్కియార్విలో సరస్సు గడ్డకట్టాక దాని మీదే పందేలు. పొద్దున పాత కార్లు, మధ్యాహ్నం మంచుబండ్లు, అంటే ముందు చక్రాలకు బదులు స్కీలు ఉండే మోటారు బండ్లు. కార్ల పందేన్ని మావాళ్ళు జొక్కిస్ అంటారు. దానికి ఒక పెద్ద నియమం ఉంది. పందెంలో దిగిన ఏ కారునైనా, పందెం అయిపోగానే, పందెం లైసెన్సు ఉన్న ఎవరైనా కొనుక్కోవచ్చు. కొత్త ఇంజన్ పెట్టినా, తుప్పు పట్టినా అన్ని కార్లకీ ఒకటే ధర. ఆ ధర కవర్లో పెట్టి క్లబ్బువాళ్ళ బల్ల దగ్గర ఇస్తే చాలు. అమ్మం అన్నవాళ్ళ లైసెన్సు పోతుంది. డబ్బున్నవాడు కారు మీద కుమ్మరించి గెలవకుండా పెట్టిన నియమం అది. మంచి నియమమే. నా బతుకంతా దాని మీదే నడిచింది. ఓడిన కార్లు నా తుక్కు దొడ్డికి వస్తాయి. వాటి తలుపులు, ఇరుసులు, గేరుపెట్టెలు విప్పి, గెలవాలనుకునేవాళ్ళకు అమ్ముతాను. ఓటమిని కొని ఆశను అమ్ముతావురా తౌనో అని ఈ పందేలు నడిపే క్లబ్బు రైమో నన్ను ఏడిపిస్తుంటాడు.

షెడ్డులో ఉన్న నీలం కారు మాత్రం అమ్మేది కాదు. అది యార్నో చేసిన కారు.

యార్నో నా కొడుకు. అంతకు ముందు ఏప్రిల్‌లో మంచుబండ్ల పందెం గెలిచి ఇంటికి వస్తూ, సరస్సు ఇరుకైన చోట మంచు విరిగి నీళ్ళలోకి వెళ్ళిపోయాడు. ఏప్రిల్‌లో అక్కడ పైన తెల్లగా, గట్టిగా కనిపిస్తుంది, కింద ప్రవాహం తినేస్తూ ఉంటుంది. ఊళ్ళో అందరికీ తెలుసు. వాడికీ తెలుసు. ఒడ్డు వెంట చుట్టు తిరిగి వస్తే కాస్త ఆలస్యం అయ్యేది. ఆ రోజు శనివారం. సౌనా, అదే మా ఆవిరి స్నానాల గది, కాగుతూ ఉంది. మా ఇంట్లో వాళ్ళమ్మ ఐలా పెట్టిన పద్ధతి ఒకటి ఉండేది: పందెం గెలిచినవాళ్ళకే సౌనాలో మొదటి ఆవిరి. రాళ్ళ మీద మొదటి చెంబు నీళ్ళు వాళ్ళే పోయాలి, మిగతావాళ్ళు తర్వాతే లోపలికి వెళ్ళాలి. యార్నో ఆ హక్కును ఎప్పుడూ వదులుకోలేదు.

అగ్నిమాపక దళం వాళ్ళు మంచుబండిని పైకి లాగి మా దొడ్డిలో దింపి వెళ్ళారు. నేను దాన్ని విప్పి, ఆరబెట్టి, నూనె పట్టించి, ముక్కలు ముక్కలుగా అమ్మేశాను.

"ఒక్క నెల ఆగలేకపోయావా?" అన్నాడు రైమో.

"తడిసిన ఇంజన్ నెల ఆగితే తుప్పే మిగులుతుంది," అన్నాను.

ఆ మాట ఊళ్ళో తిరిగింది. నిజానికి నాకు అప్పుడేమీ అనిపించలేదు. బండి డబ్బిచ్చి కొన్నది. కొన్నది అమ్ముతాం. కారు అలా కాదు. నా దొడ్డిలో చచ్చిపడి ఉన్న కార్ల నుంచి తలుపు ఒకదానిది, ఇరుసు ఒకదానిది, సీటు ఇంకోదానిది తీసి వాడు కూర్చిన కారు అది. గేరు కడ్డీకి బర్చ్ చెక్కతో వాడే చెక్కిన పిడి. దాన్ని ఏ లెక్కలో రాయాలో నాకు తెలియలేదు. అందుకని షెడ్డు తలుపు మూసి పెట్టాను.

నవంబరులో మొదటి మంచు నిలిచాక రీక్కా వచ్చింది. నా కూతురు. పట్టణంలో పాల డెయిరీలో పని. బూట్లు దులుపుకుంటూ నేరుగా షెడ్డులోకి నడిచింది.

"నాన్నా, దీన్ని నేను నడుపుతాను."

"ఎవడైనా కొనేస్తాడు."

"నడపకపోతే ఏమవుతుంది? గొట్టాలు పగుళ్ళిస్తాయి, బ్రేకులు పట్టేస్తాయి. రెండేళ్ళు పోతే నువ్వే దీన్ని తుక్కు వరుసలోకి నెడతావు. నాకు నేర్పింది నువ్వేగా."

కదలని బండికి విలువ ఉండదని ఊరందరికీ చెప్పేవాణ్ణి నేనే.

"అయితే గెలవకు," అన్నాను.

"ఏంటీ?"

"గెలిచిన కారు మీద కవర్లు పడతాయి. చివర వచ్చినా కష్టమే, డ్రైవరు పనికిరాదు గానీ కారు బాగుందేమో అనుకుంటారు. నాలుగు. నాలుగో కారును ఎవడూ చూడడు."

రీక్కా కారు చుట్టూ ఒకసారి తిరిగింది. కిటికీలోంచి చెయ్యి పెట్టి ఆ చెక్క పిడిని పట్టుకుంది.

"నాలుగే," అంది. "సరే."

అలా మొదలైంది.

నేను ఎన్నో బేరాలు చేశాను గానీ ఇంత సాఫీగా నడిచిన బేరం లేదు. కారుకు అక్కడక్కడా మసి పూశాను. వెనక బంపరును కావాలనే తీగతో కట్టాను. పొగగొట్టం కాస్త వదులు చేస్తే రోగిష్టి కారులా దగ్గేది. రీక్కా మొదటి నుంచీ మూడో స్థానంలో నడిపేది. చివరి చుట్టులో, ఒడ్డు వైపు మలుపు దగ్గర, యాక్సిలరేటరు మీంచి కాలు తీసేది. ఎవడో ఒకడు పక్కనుంచి దూసుకుపోయేవాడు. నాలుగు.

ఇంటికి రాగానే ఐలా వంటింట్లోంచి అడిగేది.

"ఎన్నోది?"

"నాలుగు."

"ఊఁ."

అంతే. ఐలా ఏప్రిల్ తర్వాత పందేలకు రాలేదు, షెడ్డు వైపు రాలేదు. శనివారం సౌనా మాత్రం మానలేదు. ఎవరికి వీలైనప్పుడు వాళ్ళం వెళ్ళి స్నానం చేసి వచ్చేవాళ్ళం. మొదటి ఆవిరి అన్న మాట ఆ ఇంట్లో ఎవరూ అనలేదు. బంగాళదుంపలు, దుప్పి మాంసం, రై రొట్టె తిని, టీవీ చూసి, పడుకునేవాళ్ళం. బాగానే ఉన్నామా అని ఎవరైనా అడిగితే బాగానే ఉన్నామనే చెప్పేవాణ్ణి. అబద్ధం కాదు. ఎక్కడా నొప్పి లేదు. చలిలో చాలాసేపు ఉన్న చేతికి కూడా నొప్పి ఉండదు.

ఫిబ్రవరిలో ఒక పందెం రోజున, మధ్యాహ్నం మంచుబండ్లు మొదలయ్యాయి. మేం కారును ట్రెయిలరుకు కడుతున్నాం. ఒక నల్లటి బండి మలుపు తిరుగుతూ మా ముందు నుంచి పోయింది. దాని ముందు స్కీలు యార్నోవి. ఎడమదాని కొన దగ్గర వాడు వేసిన అతుకు నాకు తెలుసు. రీక్కా కూడా చూసింది. నేను తాడు బిగించాను. బండి రెండో చుట్టు వచ్చింది, మూడో చుట్టు వచ్చింది. బాగా పరిగెత్తుతోంది. మంచి సరుకే అమ్మాను అనుకున్నాను.

అప్పుడే కాలెవి వచ్చాడు. సల్లా అనే ఊళ్ళో నాలాంటి దొడ్డే వాడిది. నాకంటే లావు, నాకంటే నోరు ఎక్కువ. సాసేజీ నములుతూ మా కారు చుట్టూ తిరిగాడు. మసి పూసిన చోట వేలితో గీసి, వేలు చూసుకుని నవ్వాడు.

"ఏం తౌనో, పెళ్ళికూతురికి బొగ్గు పూసి దాచుతున్నావా?"

"పాత కారు. దుమ్ము."

"మంచు మీద దుమ్మా? నీ సరస్సులోనే ఉంటుందేమో!" తర్వాత రీక్కా వైపు తిరిగాడు. "అమ్మాయ్, నేను చెవులతో చూస్తాను. ఈ కారు చివరి చుట్టులో కూడా పాడుతూనే ఉంది. ఆగిపోయేది కారు కాదు. ఒడ్డు మలుపు దగ్గర కాలు ఎందుకు తీస్తావ్?"

ట్రెయిలరు చుట్టూ మరో నలుగురైదుగురు డ్రైవర్లు ఉన్నారు. అందరూ ఇటు చూస్తున్నారు. నిజం చెబితే వచ్చే పందెంలో కవరు పడుతుంది. రీక్కా నా వైపు చూడలేదు.

"భయం," అంది.

"ఏంటీ?"

"ఆ మలుపు దగ్గర భయమేస్తుంది నాకు. అందుకే తీస్తాను. చాలా?"

ఎవడో వెనక నుంచి, "మీ అన్న అయితే అక్కడే గేరు పెంచేవాడు," అన్నాడు. ఇంకొకడు వాణ్ణి మోచేత్తో పొడిచాడు. కాలెవి నమలడం ఆపాడు. వాడు వ్యాపారి, కానీ చెడ్డవాడు కాదు. టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

నేను తాడు ముడి వేస్తున్నాను. వేసిన ముడినే మళ్ళీ వేశాను.

ఇంటికి వచ్చేదారిలో రీక్కా రేడియో పెట్టింది. వాతావరణం చెబుతున్నారు. ఇంకా చలి పెరుగుతుందట.

"ఎన్నోది?" అంది ఐలా.

"నాలుగు," అంది రీక్కా. చేతులు కడుక్కుని, తినకుండానే పట్టణానికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత నేను షెడ్డులో ఎక్కువసేపు గడిపాను. ఏ వస్తువుకైనా దాచిపెట్టే ఖర్చు ఒకటి ఉంటుంది. చోటు, తాళం, కాపలా. చాలామంది ఆ ఖర్చు రాయరు, అందుకే మునిగిపోతారు. నేను ఎప్పుడూ రాసేవాణ్ణి. ఈ కారు దగ్గర మాత్రం రాయలేదు. దాని ఖర్చు ఎవరు కడుతున్నారో ట్రెయిలరు పక్కన విన్నాను.

మార్చిలో కార్లకు ఆఖరి పందెం. సూర్యుడు వచ్చాడు, మంచు కళ్ళు చీల్చేంత మెరుస్తోంది. పొద్దున్నే లేచి కారుకు పూసిన మసి అంతా కడిగేశాను. పొగగొట్టం బిగించాను. బంపరు తీగ తీసి బోల్టులు వేశాను. చివరగా లోపల కూర్చుని, యార్నో చెక్కిన పిడిని మరతిప్పి ఊడదీశాను. దాని చోట దొడ్డిలోని ఒక నల్లటి ప్లాస్టిక్ పిడి బిగించాను. చెక్కది జేబులో వేసుకున్నాను.

సరస్సు మీద, పందేనికి ముందు, రీక్కా హెల్మెట్ పెట్టుకుని కారులో కూర్చుంది. శుభ్రంగా ఉన్న తలుపును ఒకసారి చూసింది. బెల్టు బిగించుకుంది. చెయ్యి గేరు మీద వేసింది. ఆగిపోయింది.

నేను కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను. ఆమె ఆ ప్లాస్టిక్ పిడిని చూసింది, నన్ను చూసింది. వెనక ఇంజన్లు గోల పెడుతున్నాయి.

"ఇది నా చేతికి తెలియదు," అంది. "పాతది పెట్టు."

"పెడితే అదీ కారుతోనే పోతుంది. పందెంలో ఎలా దిగిందో అలాగే ఇవ్వాలి. నియమం."

"తెలుసు నాన్నా. పెట్టు."

జేబులోంచి తీశాను. చేతితొడుగులు విప్పితే గానీ మర పడలేదు. లోహం వేళ్ళకు అంటుకుపోయేంత చల్లగా ఉంది. చెక్క మాత్రం నా జేబు వేడికి వెచ్చగా ఉంది. బిగించి, రెండుసార్లు ఊపి చూసి, పక్కకు తప్పుకున్నాను.

పందెం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. జెండా ఊపారు. మొదటి చుట్టులో నీలం కారు మూడో స్థానంలో ఉంది, తర్వాత రెండు. చివరి చుట్టులో, ఒడ్డు మలుపు దగ్గర, అలవాటుగా నేను కళ్ళు దించుకున్నాను. కాలు తీసిన చప్పుడు కోసం ఎదురుచూశాను. రాలేదు. ఇంజన్ గొంతు ఇంకా పైకి వెళ్ళింది. కళ్ళెత్తేసరికి ఆమె ముందున్న కారును లోపలి వైపు నుంచి దాటేసి, పక్కకు జారుతూ, మంచు పొడి గోడలా లేపుకుంటూ వచ్చేస్తోంది. మైకులో రైమో మా ఇంటిపేరు అరిచాడు. ఆ పేరు మైకులో విని చాలా రోజులైంది.

జనం ఆమె కారు చుట్టూ మూగారు. ఫిబ్రవరిలో అన్న గురించి అన్నవాడే ముందుగా వచ్చి, "ఒసేయ్, భయం అన్నావు కదే! ఇదేనా నీ భయం?" అని హెల్మెట్ మీద చరిచాడు.

"ఇవాళ ఇంట్లో మరిచిపోయి వచ్చాన్రా," అంది.

ఆమె నవ్వింది. చెంపలు ఎర్రగా ఉన్నాయి. ఎవరో వేడి బ్లూబెర్రీ రసం ఇస్తే రెండు చేతులతో పట్టుకుని తాగుతోంది, తాగుతూనే మలుపు ఎలా తీసిందో చేతులతో చూపిస్తోంది, రసం మంచు మీద ఒలుకుతోంది.

నేను బల్ల దగ్గరికి నడిచాను. రైమో నన్ను పక్కకు లాగాడు. గొంతు తగ్గించాడు.

"ఒరేయ్, కాలెవి కవరు వేశాడు. ఒక్కడే. ఇంకా టైముంది. నేను వేస్తాను, మావాళ్ళు ఇంకో ముగ్గురు వేస్తారు. ఒక కారుకి ఇంతమంది ఉంటే చీటీలు తీయాలి. టోపీలోంచి తీసేది నేనే కదా. మాలో ఎవడికి వచ్చినా సాయంత్రానికి కారు నీ షెడ్డులో ఉంటుంది. నువ్వు నాకేం బాకీ పడవు. యార్నో కోసం."

నేను రీక్కా వైపు చూశాను. ఆమె ఇంకా చేతులతో మలుపు చూపిస్తూనే ఉంది.

మళ్ళీ తెచ్చుకుంటే, మళ్ళీ నాలుగు.

"వద్దు రైమో," అన్నాను.

"ఏంట్రా వద్దు? ఆలోచించు."

"వద్దు. వాడి కవరు తీసుకో."

రైమో నన్ను కాసేపు చూశాడు. మంచుబండి ముక్కలుగా అమ్మినప్పుడు చూసినట్టే చూశాడు. తర్వాత టోపీ తీసి, ఖాళీ టోపీ మళ్ళీ పెట్టుకుని, కవరు విప్పడానికి వెళ్ళాడు.

కాలెవి ట్రెయిలరు తెచ్చి మా ట్రెయిలరు పక్కన పెట్టాడు. కారును నేనే నడిపి ఎక్కించాను. దిగాక వాడు బెరుకుగా నిలబడ్డాడు.

"ఇందులో నాకు తెలియాల్సింది ఏమైనా ఉందా?"

ఇలాంటి ప్రశ్న మా వ్యాపారంలో ఊరికే మర్యాదకు అడుగుతారు. ఏమీ లేదు, బంగారం అని చెప్పాలి. నేనూ ఎప్పుడూ అదే చెబుతాను.

"రెండో గేరు చలిలో మొండికేస్తుంది," అన్నాను. "తొయ్యకు, చేత్తో అలా పట్టుకుని ఉంటే అదే పడుతుంది. ఎడమ బ్రేకు ముందు పడుతుంది, మలుపులో అది మంచిదే, మార్చకు. చలి బాగా ఎక్కువైతే రేడియేటరు ముందున్న జాలీకి అట్టముక్క అడ్డం పెట్టు. కుడి సగమే. మొత్తం మూస్తే ఉడికిపోతుంది. వెనక చక్రాలు జారే ముందు సీటు కింద సన్నగా వణుకు వస్తుంది. అప్పుడు భయపడకూడదు. అప్పుడే తొక్కాలి."

కాలెవి నోరు తెరుచుకుని విన్నాడు. "ఇవన్నీ నాకెందుకు చెబుతున్నావ్?"

"నీకు కాదు. బండికి."

వాడు కిటికీలోంచి తొంగి చూసి, ఆ చెక్క పిడి మీద చెయ్యి వేసి, వెంటనే తీసేశాడు.

"ఇది మీ వాడు చెక్కిందా?"

"అవును."

"ఇది తీసుకో తౌనో. నేను ఎవరికీ చెప్పను. రైమో కూడా అటు తిరిగి ఉన్నాడు."

"కారులోదే," అన్నాను. "ఉండనీ."

వాడు చెయ్యి చాపాడు. చెయ్యి కలిపాను. బేరం అయిపోయింది. నీలం కారు సల్లా దారిలో, పైన్ చెట్ల మధ్యకు పోయేదాకా నేను తాడు చుట్ట చుడుతూ ఉన్నాను. లోపల బాధేమైనా వస్తుందేమో అని చూశాను. ఏమీ రాలేదు. వేళ్ళకు మాత్రం తిమ్మిరి వదులుతున్నట్టు సూదులు గుచ్చుకున్నాయి. తొడుగులు లేకుండా మర తిప్పాను కదా.

ఇంటిదారిలో ఖాళీ ట్రెయిలరు ప్రతి గతుకుకీ మోత మోగింది. బరువున్న ట్రెయిలరు అలా మోగదు. రీక్కా గెలిచిన కప్పును ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చాలా దూరం పోయాక అడిగింది.

"అతను బాగా నడుపుతాడా?"

"వాడు నడపడు. వాడి కూతురు నడుపుతుంది."

"ఎలా నడుపుతుంది?"

"నీకంటే తక్కువే."

కిటికీ వైపు తిరిగింది. కాసేపటికి, "నీ దొడ్డిలో వెనక వరుసలో ఒక ఎర్ర కారు ఉంది కదా," అంది. "ఇరుసు బాగానే ఉందా?"

"చూడాలి," అన్నాను.

ఇల్లు కనపడేటప్పటికి సౌనా పొగగొట్టం నుంచి పొగ నిట్టనిలువుగా లేస్తోంది. ట్రెయిలరు మోత ఐలా లోపల నుంచే విని ఉండాలి. ఎన్నడూ రానిది మెట్ల మీదికి వచ్చింది. చేతిలో తువ్వాలు ఉంది. ఖాళీ ట్రెయిలరును చూసింది. తాళ్ళు చుట్టి పెట్టిన చోటును చూసింది. రీక్కా బండి దిగి, కప్పును కోటు వెనక దాచుకున్నట్టు పట్టుకుని, అక్కడే నిలబడిపోయింది.

"ఎన్నోది?" అంది ఐలా.

"ఒకటి."

ఐలా తువ్వాలును మడిచింది. మడిచినదాన్ని విప్పి, మళ్ళీ మడిచింది. తర్వాత మెట్లు దిగి వచ్చి దాన్ని రీక్కా భుజం మీద వేసింది.

"అయితే మొదటి ఆవిరి నీదే," అంది. "పో, రాళ్ళు కాగి ఉన్నాయి. మెల్లగా వెళ్ళు, తొందరేం లేదు."

రీక్కా వెళ్ళింది. కాసేపటికి లోపల రాళ్ళ మీద నీళ్ళు పడి బుస్సుమన్న చప్పుడు బయటికి వినిపించింది. ఐలా అది వినేదాకా వాకిట్లోనే ఉండి, అప్పుడు ఇంట్లోకి వెళ్ళింది.

నేను ట్రెయిలరు విప్పాను. తేలిగ్గా ఉంది. ఒక్కడినే నెట్టుకుంటూ పోయి షెడ్డులో, కారు ఉండే చోట పెట్టాను. పట్టింది. తలుపు తెరిచే ఉంచాను.